ఏడు మెట్లు, ఏడు బొమ్మలు: పిల్లలకు సంగీతం నేర్పే బొమ్మల సిరీస్ తీయడం ఎలా

సంగీతం టీచరు లేని బడిలో కూడా ఒక టీవీయో, కనీసం ఒక ఫోనో ఉంటుంది. ఆ తెర మీద బొమ్మలతో స్వరం, తాళం నేర్పాలనుకునే టీచర్లకు, భజన మండళ్లకు, ఊళ్లోని యువజన సంఘాలకు ఈ వివరం. ముగ్గురు నలుగురు మనుషులు, ఒక గది, ఒక ఫోను, శ్రుతి తప్పకుండా పాడే ఒక ఆడగొంతు ఉంటే 10 భాగాల సిరీస్ తీయొచ్చు. 5 నుంచి 8 ఏళ్ల పిల్లలను దృష్టిలో పెట్టుకుని ఈ కొలతలన్నీ ఇస్తున్నాం.

చాలామంది బొమ్మలు కుట్టడంతో మొదలుపెడతారు. బొమ్మ ముద్దుగా తయారయ్యాక, దీనితో ఏం పాడించాలా అని తల పట్టుకుంటారు. అది తలకిందుల పని. ముందు పాఠం రాయాలి, తర్వాత పాట రికార్డు చేయాలి, ఆ తర్వాతే బొమ్మ, చిట్టచివర కెమెరా.

ఏ స్వరం ఎవరిది

స్వరానికో జంతువును కట్టబెట్టడం మనకు కొత్త కాదు. పాత సంగీత గ్రంథం నారదీయ శిక్షలోనే ఉంది: షడ్జానికి (స) నెమలి, రిషభానికి (రి) ఎద్దు, గాంధారానికి (గ) మేకలు, గొర్రెలు, మధ్యమానికి (మ) క్రౌంచం, పంచమానికి (ప) కోయిల, ధైవతానికి (ద) గుర్రం, నిషాదానికి (ని) ఏనుగు. ఏడు బొమ్మలూ సిద్ధంగా దొరికినట్టే. క్రౌంచమంటే ఏ పక్షి అన్న పేచీలోకి దిగకండి, చెరువు కట్ట మీది తెల్లకొంగను పెట్టేయండి. మేక కంటే గొర్రెపిల్ల నయం. పాలమూరు పల్లెల్లో గొర్రెల మంద చూడని పిల్ల ఉండదు.

ఒక్క జాగ్రత్త. "నెమలి ఇలాగే కూస్తుంది, అదే స" అని మాత్రం చెప్పించకండి. చేన్లో నెమలి అరుపు రోజూ వినే పిల్లలు నవ్విపోతారు. నెమలి అనేది గుర్తు మాత్రమే. అది పాడేటప్పుడు మనిషి గొంతుతోనే పాడాలి.

ఏడు స్వరాలూ మొదటి రోజే దించేస్తే ఏదీ నిలవదు. మన గురువులు మాయామాళవగౌళ రాగంతో మొదలుపెడతారు. పురందరదాసు వేసిన దారి అని చెప్తారు, గురువు ఎదురుగా కూర్చుని దిద్దుతుంటే అది మంచి దారే. తెర ముందు కూర్చున్న పిల్లను దిద్దేవాళ్లు లేరు కదా. ఆ రాగంలో స పక్కనే శుద్ధ రిషభం (రి లో కింది రకం), ప పక్కనే శుద్ధ ధైవతం (ద లో కింది రకం) అరమెట్టు దూరంలో ఉంటాయి. అరమెట్టంటే హార్మోనియం మీద తెలుపూ నలుపూ కలిపి పక్కపక్క బిళ్లల మధ్య దూరం. అంత దగ్గరి స్వరం పలకడం చిన్న గొంతుకు కష్టం. ఒకసారి తప్పుగా పడితే ఆ తప్పే అలవాటైపోతుంది. అందుకే మోహన రాగంతో, అంటే స రి గ ప ద అన్న ఐదు స్వరాలతో మొదలుపెట్టండి. బతుకమ్మ దగ్గర చప్పట్లు కొడుతూ పెరిగిన చెవికి ఐదు స్వరాల పాట త్వరగా అందుతుంది.

భాగాల వరుస ఇలా పెట్టుకోవచ్చు. మొదటి భాగంలో స, పై స. రెండింటికీ ఒకే నెమలి: కింది మెట్టు మీద ఒకసారి, ఎగిరి పై మెట్టు మీద ఇంకోసారి. స్థాయి (ఒక స నుంచి పై స దాకా ఉన్న దూరం) అన్న మాటే ఎత్తక్కర్లేదు. రెండులో ప, మూడులో గ, నాలుగులో రి, ఐదులో ద. ఆరో భాగం మొత్తం మోహనం ఆరోహణ, అవరోహణ. ఏడులో మ, ఎనిమిదిలో ని చేరితే అది శంకరాభరణం రాగం. తొమ్మిదో భాగం ఆదితాళానికి. పదో భాగంలో ఎద్దు, గుర్రం మాత్రం చెరో అరమెట్టు కిందికి దిగుతాయి, అక్కడ మాయామాళవగౌళ పుడుతుంది. శాస్త్రం తెలిసినవారు మోహనం 28వ మేళకర్త (ఏడు స్వరాల మూల రాగం) హరికాంభోజి జన్యం, అంటే దానినుంచి పుట్టినది కదా అంటారు, నిజమే. ఇక్కడ చూసుకున్నది ఒక్కటే: 29వ మేళం శంకరాభరణంలోకి వెళ్లినప్పుడు నేర్చుకున్న ఐదు స్వరాల్లో ఏదీ కదలదు. 15వ మేళం మాయామాళవగౌళకు వచ్చేసరికి రెండే కదులుతాయి.

ఇంకా పాఠంలోకి రాని బొమ్మలు తమ మెట్టు మీద నిద్రపోతూ కనిపించాలి. ఎనిమిదో భాగం దాకా ఏనుగు గురక పెడుతూనే ఉంటుంది. అది ఎప్పుడు లేస్తుందా అన్న కుతూహలంతోనే పిల్లలు తర్వాతి భాగానికి వస్తారు.

మెట్ల పలక

బొమ్మలు ఒకే వరుసలో నిలబడి పాడితే ఏది పై స్వరమో, ఏది కింది స్వరమో కంటికి తెలియదు. ముందు అడ్డుగా పెట్టే పలకనే మెట్లుగా కోయాలి. ఒక్కో స్వరస్థానానికి, అంటే ఒక్కో అరమెట్టుకు, 2 సెంటీమీటర్ల ఎత్తు లెక్కేసుకోండి. కింది స సున్నా అయితే చతుశ్రుతి రి 4, అంతర గ 8, శుద్ధ మ 10, ప 14, చతుశ్రుతి ద 18, కాకలి ని 22, పై స 24 సెంటీమీటర్లు (చతుశ్రుతి, అంతర, శుద్ధ, కాకలి అనేవి ఆ స్వరాల్లో రకాల పేర్లు). గ నుంచి మ కు, ని నుంచి పై స కు మెట్టు పొట్టిగా ఉండటం పిల్లలకు కళ్లముందే కనిపిస్తుంది. పదో భాగానికి రి మెట్టును 2కు, ద మెట్టును 16కు దించాలి. కాబట్టి ఆ రెండు మెట్లూ విడిగా తీసి పెట్టేలా చేయించండి. అన్ని మెట్లూ సమానంగా ఉంటే అందంగా ఉంటుందని వడ్రంగి అంటాడు, ఒప్పుకోకండి. ఈ పలక చెప్పే పాఠమంతా ఆ ఎగుడుదిగుడులోనే ఉంది.

ఒక్కో మెట్టు వెడల్పు 25 సెంటీమీటర్లు పెడితే 8 మెట్లకు 2 మీటర్లు. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు, వెనక రెండు చోట్ల కర్ర ఊతం ఇవ్వాలి. థర్మోకోల్‌తో చేస్తే మోచెయ్యి తగిలిన ప్రతిసారీ ఊగుతుంది, కిర్రుమంటుంది.

పలక అడుగు ఎంత ఎత్తులో ఉండాలంటే, ఆడించేవాళ్లు పీటల మీద కూర్చున్నప్పుడు అందరికంటే పొడుగు మనిషి తల ఎంత ఎత్తు వస్తుందో కొలిచి దానికి 10 సెంటీమీటర్లు కలపండి. సాధారణంగా 110 నుంచి 120 మధ్యలో వస్తుంది. పై మెట్ల బొమ్మలు పట్టేవారికి పీట ఎత్తు పెంచాలి. లేకపోతే చెయ్యి పూర్తిగా అందక గుర్రం, ఏనుగు మెడదాకా మునిగి కనిపిస్తాయి. చెయ్యి పైకెత్తి ఒకే తీరున రెండు మూడు నిమిషాలకు మించి ఎవరూ ఉండలేరు. షాట్లు అంతకంటే పొడుగ్గా రాసుకోవద్దు. ముగ్గురితో ఏడు బొమ్మలు ఆడవు కాబట్టి, పాడుతున్న ఒకటి రెండే చేతుల్లో ఉంటాయి. మిగతావి అంగుళం పీవీసీ పైపు స్టాండ్లకు తొడిగి ఉంటాయి. నిద్రపోయే బొమ్మల ఉపాయం ఇక్కడ కూడా పనికొస్తుంది.

శ్రుతి, లయ, రికార్డింగు

మగగొంతుతో పాడించకండి. పెద్దాయన ఒక స్థాయి కింద పాడితే చిన్నపిల్లలు ఆ కింది స్వరాన్నే అందుకోబోయి గొంతు కిందికి నొక్కుతారు. ఆడగొంతు గానీ, బాగా పాడే పదేళ్ల పిల్ల గొంతు గానీ మేలు. హార్మోనియం మధ్య సి ని, అంటే సుమారు 262 హెర్ట్జ్‌ను, స గా పెట్టుకుంటే పై స 523 దగ్గర వస్తుంది. ఈ వయసు గొంతుకు ఆ మధ్యలో పాడటం హాయి. పిల్లలు పై స దగ్గర మెడ సాచి కేకేస్తున్నారంటే శ్రుతి అరమెట్టు తగ్గించండి. ఆడపిల్లలకు ఐదు, ఐదున్నర శ్రుతి (మధ్య సి కంటే కిందున్న జి, జి షార్ప్) కదా అంటారు. అది మంద్రం (కింది స్థాయి), తారం (పై స్థాయి) రెండూ పాడే కచేరీ పద్ధతి. ఇక్కడ స కిందికి మనం దిగడం లేదు.

తాళం దెబ్బలు కాక, గొంతు వెనక స్వరం పలికేది తంబురా ఒక్కటే ఉండాలి. తంబురా యాప్ అయినా పర్వాలేదు. కీబోర్డు మీద అదే స్వరాన్ని కలిపి వాయించొద్దు. కీబోర్డు గాంధారం తంబురాతో కుదిరే గాంధారం కంటే కొద్దిగా ఎక్కువ పలుకుతుంది. రెండూ కలిస్తే గొర్రెపిల్ల పాట ఎప్పుడూ కాస్త ఒరుసుకున్నట్టే ఉంటుంది.

లయ నిమిషానికి 75 దెబ్బలు. దీనికి రెండు కారణాలు. 60 పెడితే చిన్నపిల్లలకు ఊపిరి చాలదు. రెండోది, వీడియో సెకనుకు 25 ఫ్రేములు తీస్తే 75 లయలో దెబ్బకు సరిగ్గా 20 ఫ్రేములు వస్తాయి. ఎడిటింగులో ఫ్రేములు లెక్కపెట్టి కోయొచ్చు. ఆదితాళం ఒక ఆవర్తనం, అంటే 8 దెబ్బల చుట్టు, 6.4 సెకన్లు.

రికార్డింగుకు బడి గది వద్దు. నాలుగు గోడలూ మోగుతాయి. ఇంట్లో చిన్న గదిలో గోడలకు బొంతలు వేలాడదీసి, ఫ్యాను ఆపి, మైకుకు 20 సెంటీమీటర్ల దూరంలో, మూతికి కొంచెం పక్కగా పాడించండి. ఎదురుగా పాడితే 'ప' అన్నప్పుడల్లా గాలి తగిలి ఢబ్ మంటుంది. పాడేవారు ఒక చెవికి వైరున్న ఇయర్‌ఫోన్‌లో తంబురా, తాళం దెబ్బలు వింటూ పాడాలి. అప్పుడు గొంతు ఒక్కటే శుభ్రంగా రికార్డవుతుంది. తంబురా, దెబ్బలు, గొంతు మూడూ వేర్వేరు ఫైళ్లుగా 48 కిలోహెర్ట్జ్‌లో దాచుకోండి. ప్రతి పాట ముందు నాలుగు ఉత్త దెబ్బలు తప్పనిసరి. వాటి పని తర్వాత తెలుస్తుంది.

ఇక అసలు సంగతి, ఖాళీ. బొమ్మ నాలుగు దెబ్బల్లో "స రి గ గ" పాడితే, తర్వాతి నాలుగు దెబ్బలు పిల్లలవి. అంటే 3.2 సెకన్లు బొమ్మ నోరు మూసుకుని చెవి దగ్గర చెయ్యి పెట్టి తెర వైపు వంగాలి. తంబురా ఆగదు, తాళం ఆగదు, గొంతు మాత్రమే ఉండదు. ఎడిటింగు చేసేవాళ్లకు ఇక్కడ చెయ్యి దురద పెడుతుంది. "ఏమీ జరగట్లేదు" అని కోసేస్తారు, లేదా పిల్లల నవ్వులు నింపుతారు, ఇంకా ఘోరం, కోరస్‌తో జవాబు పాడించేస్తారు. ఆ ఖాళీ పోతే అది పాఠం కాదు, ఉత్త పాటల వీడియో. కోరస్ వినిపించిందంటే పిల్ల నోరు తెరవదు, వింటూ కూర్చుంటుంది.

బొమ్మ కట్టడం

తోలుబొమ్మలు తాళం పాఠానికి బాగుంటాయి గానీ స్వరం పలికే నోరు వాటికి ఉండదు. దగ్గరి షాట్‌లో పాట నేర్పాలంటే చెయ్యి దూర్చి నోరు ఆడించే స్పాంజి బొమ్మే కావాలి.

ఒక్కో బొమ్మకు అరంగుళం మందం స్పాంజి 60 సెంటీమీటర్ల చదరం, పైగుడ్డ అర మీటరు, అర అంగుళం ఎలాస్టిక్ పావు మీటరు, ఒక టేబుల్ టెన్నిస్ బంతి, చేతులు ఆడించడానికి పాత గొడుగు ఊచలు రెండు. స్పాంజి సోఫాలు బాగుచేసే దుకాణంలో ముక్కలుగా దొరుకుతుంది. చెప్పుల షాపుల్లో వాడే రబ్బరు సొల్యూషన్ అర లీటరు తెచ్చుకుంటే ఏడింటికీ సరిపోతుంది.

మొదట నోటి పలక. పరీక్ష రాసే ప్లాస్టిక్ అట్ట నుంచి 10 సెంటీమీటర్ల పొడవు, 9 వెడల్పున రెండు అర్ధచంద్రాలు కోయండి. రెండింటి మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదిలి గుడ్డ టేపు రెండు వైపులా అంటించాలి. సందు లేకుండా అంటిస్తే నోరు పూర్తిగా మూసుకోదు. కార్డుబోర్డుతో చేస్తే రెండు రోజుల చెమటకు మెత్తబడి వంగిపోతుంది. పై పలక మీద నాలుగు వేళ్లకు, కింది పలక మీద బొటనవేలికి ఎలాస్టిక్ పట్టీలు కుట్టండి. పట్టీ వదులైతే కింది దవడ వేలి వెంట రాదు, మొత్తం తల ఎగురుతుంది. నోటి లోపలి వైపు ఎర్ర గుడ్డ గానీ, గులాబీ రంగు గుడ్డ గానీ అంటించండి. నల్లది వేస్తే నోరు తెరిచిందో మూసిందో దూరం నుంచి తెలియదు.

స్పాంజిని తల ఆకారానికి కోసి అంచులకు రెండు వైపులా సొల్యూషన్ రాసి 10 నిమిషాలు ఆరనివ్వాలి. వేలు పెడితే అంటుకోనప్పుడు కలిపి గట్టిగా నొక్కాలి. తడిగా ఉన్నప్పుడే కలిపితే జారుతుంది. మే నెల ఎండల్లో ఐదారు నిమిషాలకే ఆరిపోతుంది, చూసుకోవాలి. కిటికీలు తెరిచి చేయండి, ఆ వాసన తలకెక్కుతుంది. వేడి జిగురు తుపాకీ సులువే గానీ, ఎండలో ఆటోలో బొమ్మల సంచి గంట ఉంటే చాలు, అతుకులన్నీ విడిపోయి వస్తాయి.

కళ్లు బొమ్మకు ప్రాణం. బంతిని సగానికి కోసి అంటించి, 10 మిల్లీమీటర్ల నల్ల రెక్సిన్ చుక్కను సరిగ్గా మధ్యలో కాకుండా ముక్కు వైపు రెండు మిల్లీమీటర్లు జరిపి పెట్టండి. మధ్యలో పెడితే బొమ్మ ఎవరినీ చూడదు, గోడను చూస్తున్నట్టుంటుంది. గుర్రానికి, నెమలికి నిజానికి కళ్లు పక్కలకు ఉంటాయి, కానీ ఇక్కడ ముందుకే పెట్టాలి.

ఏనుగుతో ఒక చిక్కు ఉంది. తొండం నోటిని కప్పేస్తుంది, పాడుతుందో లేదో కనిపించదు. తొండం లోపల బైండింగ్ తీగ పెట్టి ఒక పక్కకు, పైకి వంచి ఉంచండి. కొంగ ముక్కు 15 సెంటీమీటర్లు మించితే మణికట్టు నొప్పి పుడుతుంది.

గుడ్డ మన దగ్గరే ఉంది. గొర్రెపిల్లకు పాత గొంగడి ముక్క ఎంత బాగుంటుందో చెప్పక్కర్లేదు, అయితే ఉన్ని గుచ్చుతుంది, లోపల కాటన్ తొడుగు వేయండి. నెమలికి గద్వాల చీర కొంగు వాడాలని అందరికీ అనిపిస్తుంది. జరీ మీద లైటు పడితే కెమెరాలో తెల్లగా పేలిపోతుంది, మెరవని నూలు భాగమే వాడండి. నారాయణపేట చీరల సన్న గళ్లు, సన్న చారలు తెర మీద నీళ్లలా కదులుతాయి. పోచంపల్లి పెద్ద డిజైన్లకు ఆ బాధ లేదు.

నోరు ఆడించడం

దీనికి రోజూ పావుగంట చొప్పున వారం సాధన కావాలి, అద్దం ముందు, ఉత్త చేత్తో. పై నాలుగు వేళ్లూ కదలకూడదు, బొటనవేలు మాత్రమే కిందికి దిగాలి. కొత్తవాళ్లు నాలుగు వేళ్లూ పైకి లేపుతారు, బొమ్మ ఆకాశం చూసి పాడుతుంది. ఒక అక్షరానికి ఒకసారి తెరవాలి. అక్షరం మొదట్లో తెరవాలి, చివర్లో కాదు. "సా" అని నాలుగు దెబ్బలు సాగితే నాలుగు దెబ్బలూ తెరిచే ఉంచాలి, ఊరికే టపటపలాడించొద్దు.

స్వరాలతో ఒక ప్రత్యేకత ఉంది. స రి గ ద ని అనేటప్పుడు పెదాలు కలవవు. మ, ప అనాలంటే పెదాలు కలిసి విడిపోవాలి. కాబట్టి మ, ప కు ముందు రెండు ఫ్రేములైనా బొమ్మ నోరు పూర్తిగా మూసుకుని ఉండాలి. "గ మ ప" వరుసలో ఇది తప్పిపోవడం మామూలు. గ దగ్గర తెరిచిన నోరు అలాగే ఉండిపోతే పిల్లలకు ఏదో తేడా తెలుస్తుంది, ఏమిటో చెప్పలేరు. అందుకే కొంగ, కోయిల పట్టేవారు ఇద్దరూ చెయ్యి తిరిగినవాళ్లై ఉండాలి.

ఆడించేవాళ్లు బొమ్మను చూడరు, టీవీని చూస్తారు. 1955లో 'సామ్ అండ్ ఫ్రెండ్స్' అనే టీవీ షోతో అమెరికా బొమ్మలాట కళాకారుడు జిమ్ హెన్సన్ బొమ్మలాటకు వేరే రంగస్థలం అక్కర్లేదని, టీవీ ఫ్రేమే రంగస్థలమని నిరూపించాడు. అప్పటినుంచి టీవీ బొమ్మలాట పని ఇలాగే నడుస్తోంది. ఫోను కెమెరాలో కనిపించేది పలక వెనకున్న చిన్న టీవీలో పడేలా హెచ్‌డీఎంఐ వైరుతో కలపండి. మీ ఫోనుకు ఆ సౌకర్యం ఉందో లేదో ముందే చూసుకోవాలి, అన్నింటికీ ఉండదు. వైరు లేకుండా టీవీకి పంపితే బొమ్మ కదలిక ఆలస్యంగా కనిపిస్తుంది. దాన్ని చూసి సర్దుకుంటూ పోతే నోరు పాట కంటే వెనకబడుతుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌తోనూ అంతే. పాట ఎప్పుడూ వైరున్న స్పీకరులో బయటికి మోగాలి, కెమెరాకు కూడా వినపడాలి. ఎడిటింగులో కెమెరా రికార్డు చేసిన ఆ నాలుగు దెబ్బలను, అసలు ఫైలులోని నాలుగు దెబ్బలను ఒకదాని కింద ఒకటి పెట్టి సరిచేసి, కెమెరా శబ్దాన్ని తీసేయండి.

తాళానికి నిజం చెయ్యి

ఊచల చేతులున్న బొమ్మ చప్పట్లు కొట్టగలదు గానీ వేళ్లు లెక్కపెట్టలేదు. ఆదితాళంలో లఘువుకు (మొదటి నాలుగు లెక్కలు) ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు. ఆ వెంట రెండు ద్రుతాలు (రెండేసి లెక్కలు), ఒక్కోదానికి దెబ్బ, అరచేతి తిప్పు. మొత్తం 8. దీనికి మనిషి చెయ్యే కావాలి. గాజులు తొడిగి, రంగు గ్లవ్ వేసిన ఒక చెయ్యిని విడిగా ఒక పాత్ర చేయండి. దానికి ముఖం అక్కర్లేదు.

ఈ చెయ్యిని ఎదురుగా తీయొద్దు. ఎదురుగా కనిపిస్తే పిల్లలు అద్దంలో చూసినట్టు ఎడమ చేత్తో వేస్తారు. కెమెరాను చెయ్యి వేసేవారి కుడి భుజం మీదుగా కిందికి చూసేలా పెట్టండి. తన చెయ్యి తనకు ఎలా కనిపిస్తుందో పిల్లకు తెర మీద అలాగే కనిపించాలి. వేలు వేలుకీ మధ్య 20 ఫ్రేములు ఖచ్చితంగా పడాలి, వేళ్ల దగ్గర తొందరపడటం అందరూ చేసే తప్పు.

కెమెరా, వెలుతురు

కెమెరా బొమ్మ కళ్ల ఎత్తులో ఉండాలి. 25 ఫ్రేములు, షట్టరు 50లో ఒకటో వంతు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఇలా పెడితే ట్యూబులైట్ల చారలు రావు. ఫోకసు, వెలుగు లాక్ చేయండి, లేకపోతే బొమ్మ కదిలినప్పుడల్లా బ్యాక్‌గ్రౌండు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. వెనక లేత పసుపు గానీ బూడిద రంగు గానీ ఉతికిన దుప్పటి చాలు. గ్రీన్ స్క్రీన్ (వెనక పచ్చ గుడ్డ కట్టి, ఎడిటింగులో ఆ పచ్చను తీసేయడం) పెట్టాలన్న మోజు ఉంటే నెమలిని గుర్తు చేసుకోండి, పచ్చగా ఉన్న చోటల్లా మాయమవుతుంది.

ఒక భాగం ఇలా నడుస్తుంది

నాలుగో భాగం, ఎద్దు లేచే రోజు. మొత్తం ఐదున్నర నిమిషాలు. టైటిల్ పాట 20 సెకన్లు దాటొద్దు. తర్వాత 40 సెకన్లు పాత స్వరాలు: స, గ, ప, ఒక్కొక్కటి పాడటం, ఖాళీ. అప్పటిదాకా గొర్రెపిల్ల రెండో మెట్టు మీద నిద్రపోతున్న ఎద్దును దాటి దూకుతూ వచ్చింది.

ఎద్దు లేస్తుంది: "ఎవడ్రా నా మీదికెల్లి రోజూ దుంకుతున్నది?"
గొర్రెపిల్ల: "నువ్వు నిద్రవోతుంటే నేనేం జెయ్యాలె? నాకు గ కాడికి పోవాలె గద!"
ఎద్దు: "నా మెట్టు మీద కాలు వెట్టి పో. రి అని పలికి పో."

మాటలు మన యాసలోనే ఉండనివ్వండి, పుస్తకం మాటలు పెడితే ఎద్దు తహసీల్దారులా మాట్లాడుతుంది. స్వరాల పేర్లు మాత్రం స్పష్టంగా పలకాలి.

తర్వాత 50 సెకన్లు "స రి", నాలుగు సార్లు, ప్రతిసారీ ఖాళీతో. ఆ పైన ఒక నిమిషం ఆట. రెండు బొమ్మలూ పలక కింద దాక్కుంటాయి, గొంతు మాత్రం "స గ" అనో "స రి గ" అనో వినిపిస్తుంది. దూకిందా, కాలు పెట్టిందా? మూడు దెబ్బలు ఆగి బొమ్మలు లేచి చూపిస్తాయి. ఈ ఒక్క నిమిషంలోనే పిల్లల చెవి తయారవుతుంది, తగ్గించకండి. తర్వాత చిన్న పాట: "ఎద్దు లేచె" స రి గ గ, "గంట మోగె" గ రి స స, అక్షరానికొక స్వరం. ఇలాంటివి నాలుగు పంక్తులు సొంతంగా కట్టుకోండి. సినిమా బాణీ తీసుకుంటే హక్కుల గొడవతో వీడియో ఆగిపోతుంది. సంగీతంలో మొదటి పాఠాలైన సరళీ, జంట వరుసలకు ఆ భయం లేదు.

ఊరి వాద్యాలు

ప్రతి రెండు భాగాలకోసారి ఒక అసలు వాద్యం చూపించండి. పాలమూరుకు దీనిలో కొదవ లేదు. 12 మెట్ల కిన్నెర (తంతి వాద్యం) వాయించే నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్యకు 2022లో, బుర్రవీణ వాయించే నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చింది. కిన్నెర మీద వేలు మెట్టు మారితే స్వరం మారడం కంటికి కనిపిస్తుంది, మన మెట్ల పలకకు అంతకంటే మంచి జోడీ దొరకదు. వేళ్లనే దగ్గరగా తీయండి. కళాకారుడిని పిలిస్తే రోజు కూలి, దారి ఖర్చు ముందే మాట్లాడుకుని ఇవ్వాలి. బడి పిల్లల కోసమే కదా అని ఊరికే వాయించమనడం మర్యాద కాదు.

డప్పు రికార్డు చేసేటప్పుడు ఫోను మూడు మీటర్ల దూరం ఉండాలి, దగ్గరుంటే శబ్దం పగిలిపోతుంది. కాచిన డప్పు చల్లారే కొద్దీ నాదం దిగుతుంది. ఒక టేకు, అరగంట తర్వాత ఇంకో టేకు కలిపితే అతుకు వినపడుతుంది. ప్రతి టేకుకు ముందు మళ్లీ మంట చూపించాలి. తాళం దెబ్బలకైతే చిరుతలు (చేత్తో ఆడించే తాళపు చెక్కలు) చాలు, వాటి మోత సన్నగా ఉండి గొంతును కప్పదు.

పిల్లల ముందు పెట్టి చూడటం

యూట్యూబులో పిల్లల వీడియో అని గుర్తు పెడితే కామెంట్లు రావు. కాబట్టి బాగుందో లేదో మనమే చూసుకోవాలి. మొదటి భాగం తీయగానే, మిగతావి తీయకముందే, ఐదారుగురు పిల్లల ముందు పెట్టండి. మీరు టీవీ పక్కన నిలబడి వాళ్ల నోళ్లు చూడండి. నవ్వుతున్నారా అన్నది లెక్క కాదు. ఖాళీలో పాడుతున్నారా?

పాడకుండా చూస్తూ ఉండిపోతే బొమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టడం ఆలస్యమైంది, పాట ముగిసిన దెబ్బ మీదే చెయ్యి లేవాలి. సగంలో ఆగిపోతే ఖాళీ చాలలేదు, ఆ ఒక్క చోట 8 దెబ్బలు ఇవ్వండి. అందరూ ఒకే కింది స్వరంలో గొణుగుతుంటే శ్రుతి కుదరలేదు, అర పైకో కిందికో జరిపి గొంతు మళ్లీ రికార్డు చేయాలి. వీడియో మళ్లీ తీయక్కర్లేదు, లయ మారనంతవరకు నోళ్లు కొత్త గొంతుకూ సరిపోతాయి.